కోవిడ్ వార్డులో మతి తప్పిన రోజులు

కోవిడ్ నుంచి బయటపడ్డాక మనిషి మునుపటిలా లేడని, డబ్బుల లెక్క తప్పుతున్నాడని, మాట మధ్యలో ఆగిపోతున్నాడని చెప్పే కుటుంబాలు కర్నూలు, నంద్యాల, ఆదోని వైపు ఇప్పటికీ ఉన్నాయి. వయసు మీదపడిందనో, టెన్షన్ అనో సర్దుకుపోతారు. కొందరి విషయంలో అదే నిజం కావచ్చు. కానీ ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో వాళ్ల మెదడుకు ఏమైందో అడిగినవాళ్లు తక్కువ.

2020 మొదట్లో అందరి కళ్లూ ఊపిరితిత్తుల మీదే. సీటీ స్కాన్, ఆక్సిజన్ శాతం, వెంటిలేటర్. నరాల సంగతి ముందుగా బయటపెట్టింది వుహాన్ డాక్టర్లు. ఆసుపత్రిలో చేరిన 214 మంది రికార్డులు చూస్తే 78 మందిలో, అంటే 36 శాతం మందిలో, తల తిరగడం నుంచి పక్షవాతం దాకా ఏదో ఒక నరాల లక్షణం ఉంది. ఆ వ్యాసం ఏప్రిల్‌లో అచ్చయింది. అదే నెలలో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్ నుంచి ఐసీయూ రోగుల మీద ఇంకో నివేదిక వచ్చింది. 58 మందిలో 40 మంది, వెంటిలేటర్ మీద కండరాలు కదలకుండా ఇచ్చే మందు ఆపగానే తీవ్రంగా ఆందోళన పడ్డారు. న్యూయార్క్‌లో యాభై ఏళ్లు నిండని ఐదుగురు రెండు వారాల్లో పెద్ద రక్తనాళం మూసుకుపోయి పక్షవాతంతో వచ్చారు.

సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లాల వరుసలో కర్నూలు ముందుంది. పీపీఈ కిట్లు, పడకలు, ఆక్సిజన్ చూసుకోవడానికే మనుషులు చాలని రోజులవి. ఆ వార్డుల్లో ఉన్న డాక్టర్లను, నర్సులను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

అక్టోబరులో షికాగో నుంచి వచ్చిన అధ్యయనం లెక్కను మార్చేసింది. నార్త్‌వెస్టర్న్ ఆసుపత్రుల్లో చేరిన 509 మందిలో 82 శాతం మందికి ఏదో ఒక దశలో నరాల లక్షణం కనిపించింది. ఈ అంకె చూసి భయపడనక్కర్లేదు. ఒళ్లునొప్పులు, తలనొప్పి, రుచి వాసన తెలియకపోవడం కూడా అందులో కలిసే ఉన్నాయి. అసలు పట్టించుకోవాల్సిన అంకె వేరే ఉంది. దాదాపు 32 శాతం మందికి మెదడు పనితీరు దెబ్బతిని తికమక, మగత, స్పృహలో తేడా వచ్చాయి. అలాంటివారిలో నెలలోపు చనిపోయినవారు సుమారు 22 శాతం, ఆ సమస్య రానివారిలో 3 శాతం.

వైరస్ నేరుగా మెదడులోకి దూరి ఇదంతా చేసిందనడానికి ఆధారాలు తక్కువ. ఆక్సిజన్ పడిపోవడం, ఒళ్లంతా వాపు రేగడం, రక్తం గడ్డకట్టడం, కిడ్నీలు మొరాయించడం, వెంటిలేటర్ కోసం రోజుల తరబడి ఇచ్చిన మత్తు, ఇవన్నీ కలిసి మెదడును దెబ్బతీశాయి.

మతి తప్పడాన్ని ముందుగా పట్టేది ఎవరు? ఇంటివాళ్లు. మామూలప్పుడు రోగి ఎలా మాట్లాడతాడో వాళ్లకే తెలుసు. కోవిడ్ వార్డు తలుపు మూసుకున్నది వాళ్ల ముందే. మాకు తెలిసిన ఒక పెద్దాయన వార్డు నుంచి వీడియో కాల్‌లో కొడుకును "నాయనా, ఎద్దులకు నీళ్లు పెట్టినావా?" అని అడిగాడు. ఎద్దులు అమ్మేసి ఏళ్లయింది. జ్వరంలో సంధి మాటలనుకుని కొడుకు "పెట్టినా నాయనా" అన్నాడు. ఆ మాట నర్సుకు చెప్పాలని అతనికి తట్టలేదు, చెప్పే దారీ లేదు. పక్కన మనిషి ఉండుంటే ఆ పూటే తెలిసేది.

ఇంటి దగ్గర కూడా ఇదే ప్రమాదం ఉండింది. అత్యవసర విభాగానికి వచ్చిన 817 మంది వృద్ధ కోవిడ్ రోగులను అమెరికాలో పరిశీలిస్తే 28 శాతం మందికి ఈ మతి తప్పడం ఉంది. వాళ్లలో మూడో వంతుకు పైగా జ్వరం, ఆయాసం లాంటి మామూలు లక్షణాలే లేవు. పొద్దున్నుంచి తేడాగా మాట్లాడుతున్న జేజికి కోవిడ్ పరీక్ష చేయించాలని ఎవరికి తోస్తుంది? గాలి సోకిందని తాయెత్తు కట్టించిన ఇళ్లు మన పల్లెల్లో ఉన్నాయంటే వాళ్లను తప్పు పట్టలేం.

2021 వేసవిలో రెండో అల వచ్చేసరికి ఇంకో ముప్పు జత కలిసింది. షుగర్ అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవారికి బ్లాక్ ఫంగస్ పట్టింది. ముక్కు నుంచి కంటికి, కంటి నుంచి మెదడుకు పాకే జబ్బిది. ఆ ఫంగస్‌ను చంపే ఆంఫోటెరిసిన్ ఇంజెక్షన్ల కోసం జనం పడిన అవస్థ చెప్పనలవి కాదు. ప్రభుత్వం ఈ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. కన్ను పోతుందన్న భయం వల్ల దీన్ని అందరూ గుర్తుపెట్టుకున్నారు. మగతగా పడుకుని లేచి ఇంటికెళ్లినవారి సంగతి అలా గుర్తుండలేదు.

2021 ఏప్రిల్‌లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు, ఎక్కువగా అమెరికాకు చెందిన 2,36,379 మంది కోవిడ్ రోగుల ఆరోగ్య రికార్డులు విశ్లేషించారు. ఆరు నెలల్లో మూడో వంతు మందికి నరాల జబ్బో, మానసిక సమస్యో నమోదైంది. ఆసుపత్రిలో మతి తప్పినవారిలో అది 62 శాతం. ఇందులో పాత జబ్బులు తిరగబెట్టినవీ ఉన్నాయి. అయినా ఎవరిని వెతికి పరీక్షించాలో ఈ అంకెలే చెబుతున్నాయి. షికాగోలో ఇలాంటివారి కోసం 2020 మే నెలలోనే ప్రత్యేక క్లినిక్ తెరిచారు. మన దగ్గర నరాల డాక్టరు కోసం అనంతపురం వాళ్లు బెంగళూరు నిమ్హాన్స్‌కు రెండు వందల కిలోమీటర్లు వెళ్తారు, కర్నూలు పెద్దాసుపత్రికి రాయచూరు, గద్వాల వైపు నుంచి కూడా వస్తారు. బస్సు దిగి వచ్చిన రోగి చేతిలోని పాత డిశ్చార్జ్ చీటీలో "కోవిడ్ న్యుమోనియా" అని మాత్రమే ఉంటే డాక్టరు ఏం తెలుసుకుంటాడు? వార్డులో ఎన్నాళ్లున్నాడు, వెంటిలేటర్ పెట్టారా, మనుషుల్ని గుర్తుపట్టని రోజులున్నాయా అని వెంట వచ్చినవాళ్లను ఇప్పటికైనా అడగాలి. ఆ జవాబులు ఓపీ చీటీ మీద రాయాలి.