మడ అడవి మీద డ్రోన్‌కు కనిపించేదీ, కనిపించనిదీ

కాకినాడ అఖాతానికి అడ్డంగా పడుకున్న హోప్ ఐలాండ్ ఇసుక తిన్నె మీదికి జనవరి మొదలు వేసవి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వచ్చేది ఎక్కువగా రాత్రిపూటే. నలభై కిలోల అటూఇటూ బరువుండే తల్లి తాబేలు అలల అంచు నుంచి పైకి పాకి, వెనుక తెడ్లతో మూర లోతు గొయ్యి తవ్వి, వందకు పైగా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, వచ్చిన దారినే సముద్రంలోకి పోతుంది. తెల్లారేసరికి మిగిలేది ఇసుకలో ఒక జాడ. ముప్పావు మీటరు వెడల్పున, కుడి తెడ్డు గుర్తు, ఎడమ తెడ్డు గుర్తు ఒకదాని తరువాత ఒకటి ఉంటాయి. పచ్చ తాబేలైతే రెండు తెడ్లూ ఒక్కసారే వేసి ఒళ్లు ఈడ్చుకుంటుంది కాబట్టి దాని గుర్తులు జంటలు జంటలుగా పడతాయి. రిడ్లే బరువు తక్కువ కనుక దాని జాడ లోతుగా దిగదు. సముద్రపు గాలి జోరందుకుంటే పొద్దెక్కేలోగా చెరిగిపోతుంది.

చెరిగేలోగా ఎవరో ఒకరు దాన్ని చూడాలి. తిన్నె పొడవు సుమారు 16 కిలోమీటర్లు. కాళ్లు కూరుకుపోయే ఇసుకలో అంత దూరం నడిచే కాపలాదారు చివరి గూటి దగ్గరికి చేరేసరికి అక్కడ జాడ ఉండదు, లేదా కుక్కలో నక్కలో గుడ్లు తవ్వి తినేసి ఉంటాయి. డ్రోన్‌కు తగిన పని ఇక్కడ ఉంది. పొద్దు పొడిచిన తొలి గంటలో ఎండ ఏటవాలుగా పడుతుంది. ఇసుకలోని ప్రతి గుంట అంచునా నీడ ఏర్పడి, జాడ గీసినట్టు కనిపిస్తుంది. నడినెత్తిన సూర్యుడు ఉన్నప్పుడు తీస్తే అదే ఇసుక ఫొటోలో తెల్లటి మైదానం. ఖరీదైన కెమెరా కన్నా ముందు సరైన వేళ కావాలి.

ఎంత ఎత్తు నుంచి తీయాలన్నదీ లెక్క ప్రకారం తేలే విషయమే. సర్వేలకు వాడే డ్రోన్లలో 20 మెగాపిక్సెళ్ల కెమెరా మామూలు. దానితో 100 మీటర్ల ఎత్తు నుంచి తీస్తే ఫొటోలో ఒక్కో పిక్సెల్ నేల మీద దాదాపు 2.7 సెంటీమీటర్లకు సమానం. 65 సెంటీమీటర్ల తాబేలు డిప్ప అంటే 24 పిక్సెళ్లు. అది తాబేలని పోల్చుకోవడానికి అంత చాలు. యాభై మీటర్లకు దిగితే 48 పిక్సెళ్లు వస్తాయి గానీ, ఒక్కో ఫొటోలో పట్టే నేల నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇక గుడ్డు పగలగొట్టుకుని వచ్చే పిల్ల పొడవు నాలుగు సెంటీమీటర్లు. వంద మీటర్ల నుంచి అది ఒకటి రెండు పిక్సెళ్లు మాత్రమే, ఎండుటాకు ముక్క కూడా అంతే. ఆ ఎత్తు నుంచి పిల్లల్ని లెక్కపెడతామని ఎవరైనా అంటే నమ్మనక్కరలేదు.

బ్యాటరీ సంగతీ చూడాలి. సెకనుకు 8 మీటర్ల వేగంతో తిన్నె ఒక చివర నుంచి మరో చివరకు 33 నిమిషాలు పడుతుంది. చిన్న డ్రోన్లు గాలిలో నిలిచేది అరగంట, ఎదురుగాలి ఉంటే ఇంకా తక్కువ. పైగా తిరిగి రావాలి కదా. కాబట్టి పడవలో వెళ్లి నాలుగైదు చోట్ల దిగి ఎగరెయ్యాల్సిందే. పక్కనే ఉన్న కోరింగ అభయారణ్యం పరిసరాల్లో అటవీ శాఖ అనుమతి లేకుండా ఇవేవీ చెయ్యకూడదని వేరే చెప్పనక్కరలేదు.

ఇలా ఒక్క ఉదయం తీసిన ఫొటోలు వేలల్లో ఉంటాయి. వాటిని కూర్చుని చూసేది ఎవరు? కృత్రిమ మేధ అవసరం వచ్చేది ఇక్కడే, అదీ ఆలివ్ రిడ్లేల విషయంలోనే బాగా పరీక్షకు నిలిచింది. మధ్య అమెరికా దేశమైన కోస్టారికాలో పసిఫిక్ ఒడ్డునున్న ఓస్టియోనల్ తీరంలో ఇవే తాబేళ్లు గుంపులు గుంపులుగా గుడ్లకు వస్తాయి. అక్కడి సముద్రం మీద డ్రోన్‌తో తీసిన ఫొటోలను అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు, అంటే ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాముకు, నేర్పించారు. మనుషులు కళ్లతో లెక్కపెట్టిన వాటికన్నా అది 8 శాతం ఎక్కువ తాబేళ్లను పట్టుకుందని, మనిషి పరిశీలించాల్సిన ఫొటోల భారం 66 రెట్లు తగ్గిందని 2019లో ప్రచురించారు. గమనించవలసింది ఏమిటంటే, మనిషి పని తగ్గిందే గానీ పోలేదు. యంత్రం చూపిన ప్రతిదాన్నీ చివరికి ఒక మనిషి సరిచూశాడు.

ఎందుకు సరిచూడాలో ఊహకు ఒక లెక్క వేసుకుందాం. తీరం ఫొటోలను పదివేల ముక్కలు చేశామనుకోండి. వాటిలో తాబేలు ఉన్నవి ఇరవై. యంత్రం నూటికి తొంభై తొమ్మిదిసార్లు సరిగ్గానే చెబుతుంది. వినడానికి గొప్పగా ఉంది. కానీ తాబేలు లేని 9,980 ముక్కల్లో నూటికి ఒక్కటి తప్పినా దాదాపు వంద చోట్ల లేని తాబేలును ఉందంటుంది. ఉన్న ఇరవైని పట్టుకున్నా, మొత్తం 120 గుర్తింపుల్లో వంద తప్పుడువే. వెతికేది ఎంత అరుదైతే ఈ బాధ అంత ఎక్కువ. అంతరించిపోతున్న జీవులంటేనే అరుదైనవి కదా. ‘99 శాతం కచ్చితత్వం’ అనే మాట వింటే, దేనిలో 99 అని అడగడం మంచిది.

ఓస్టియోనల్‌లో నేర్చిన యంత్రాన్ని తెచ్చి గోదావరి మొగ దగ్గర పెడితే సరిపోతుందా అంటే, సరిపోదు. దానికి తెలిసింది పసిఫిక్ నీరు. ఇక్కడ వశిష్ట, వైనతేయ, గౌతమి సముద్రంలో కలిసే చోట నీటికి ఒండ్రు రంగు. అడుగు లోతున ఈదే తాబేలు కెమెరాకు లేనట్టే. ఇసుక మీద సంగతి మరీ చిక్కు. వరదకు కొట్టుకొచ్చిన మొద్దులు, చిరిగిన వలల ఉండలు, ఎండిన కొబ్బరి బొండాలు, ప్లాస్టిక్ డ్రమ్ములు పైనుంచి చూస్తే డిప్పల్లాగే ఉంటాయి. నావను ఒడ్డుకు లాగిన జాడ, కొబ్బరి మట్ట ఈడ్చిన జాడ తాబేలు జాడను తలపిస్తాయి. ఇది తాబేలు, ఇది మొద్దు, ఇది నావ లాగిన గీత అని వేల ఫొటోల మీద ఎవరో ఒకరు గళ్లు గీసి చూపిస్తేనే యంత్రం నేర్చుకుంటుంది. ఆ గళ్లు గీయాల్సింది ఎక్కడో నగరంలో కూర్చున్న విద్యార్థి కాదని నా అభిప్రాయం. భైరవపాలెం, బలుసుతిప్ప మత్స్యకారులకు ఆ తేడా చూపు పడగానే తెలుస్తుంది. వాళ్లను కూర్చోబెట్టి, ఆ పనికి కూలి ఇచ్చి గీయించాలి. డ్రోన్ ఎగరేసే ఫొటో పత్రికలో పడుతుంది, గళ్లు గీసే మనిషి ఫొటో పడదు. ప్రాజెక్టుల్లో డబ్బు కూడా ఈ వరుసలోనే ఖర్చవుతుందేమో అనిపిస్తుంది.

ఇసుక దాటి మడ అడవిలోకి వస్తే డ్రోన్ దర్జా సగం దిగిపోతుంది. కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. నల్లమడ, తెల్లమడ, తిల్ల చెట్లు, వాటి మధ్య మెలికలు తిరిగే పాయలు. ఇక్కడి ముఖ్య నివాసి నీటిపిల్లి, అంటే ఫిషింగ్ క్యాట్. ఇంటి పిల్లికి రెండింతలుంటుంది, కాలి వేళ్ల మధ్య కొంత పొర ఉంటుంది, చేపల కోసం నీళ్లలోకి దూకుతుంది. 2018 సర్వేలో ఇక్కడ 115 నీటిపిల్లులు ఉన్నాయని అంచనా వేశారు. అది చెట్లకు కట్టిన కెమెరాల పని. ప్రతి పిల్లి ఒంటి మీది మచ్చల అమరిక వేరు కాబట్టి, ఏ ఫొటో ఏ పిల్లిదో విడదీయవచ్చు. ఆ మచ్చల్ని పోల్చడంలో కృత్రిమ మేధకు మంచి చేయి ఉంది.

డ్రోన్‌కు థర్మల్ కెమెరా కడితే చీకట్లో కూడా పిల్లి కనిపించదా అని అడగవచ్చు. ఒంటి వేడి వల్ల వెలువడే పరారుణ కిరణాలను ఆ కెమెరా పట్టుకుంటుంది, నిజమే. అయితే ఆ కిరణాలు ఆకును దాటలేవు, నీటినీ దాటలేవు. గుబురు కింద కూర్చున్న పిల్లి మీద పైనుంచి ఎంత మంచి థర్మల్ కెమెరా పెట్టినా ఆకుల వేడే కనిపిస్తుంది. ఇక బయట, పాటు సమయంలో తేలిన బురద, పొయ్యి ఆర్పాక కూడా చురుక్కుమనే పెనంలా పగటి వేడిని రాత్రి చాలాసేపు వదలదు. వెచ్చని బురద మీద వెచ్చని పిల్లి విడిగా తెలియదు. తెల్లవారుజామున నేల బాగా చల్లబడి, అదే సమయానికి నీరు తీసి, పిల్లి వేటకు గట్టు మీదికి వస్తే అప్పుడు అవకాశం. పోటుపాట్లు రోజుకు రెండుసార్లు వస్తాయి, వేళ రోజూ దాదాపు 50 నిమిషాలు జరుగుతుంది. నెలలో ఈ మూడూ కలిసే తెల్లవారుజాములు కొన్నే. పంచాంగం చూసి మరీ ఎగరెయ్యాల్సిన డ్రోన్ అన్నమాట.

చెట్లకు కట్టే కెమెరాలకూ ఇక్కడ ఇబ్బందులున్నాయి. వాటిలో చాలావరకు ఎదుట కదిలే వేడిని పసిగట్టి ఫొటో తీస్తాయి. నీళ్లలోంచి అప్పుడే లేచిన జంతువు ఒళ్లు తడిసి చల్లగా ఉంటుంది, సెన్సర్ పట్టించుకోదు. ఐరోపా నీటికుక్కల మీద చేసిన అధ్యయనంలో ఇది తేలింది. కోరింగలోనూ నీటికుక్కలున్నాయి, తడిసిన నీటిపిల్లి సంగతీ అంతే కావచ్చు. పైగా కెమెరాను పోటు నీరు అందని ఎత్తున కట్టాలి, కింద పాదముద్రలు పడినా రోజుకు రెండుసార్లు నీరు వచ్చి తుడిచేస్తుంది.

పక్షుల దగ్గర కథ మారుతుంది. అవి ఆరుబయట, ఇసుక మేటల మీద గుంపుగా కూర్చుంటాయి. పై ముక్కు కన్నా కింది ముక్కు పొడవుగా ఉండే ఇండియన్ స్కిమ్మర్లు శీతాకాలంలో కాకినాడ తీరానికి వస్తాయి, అవి అంతరించే ముప్పున్న జాబితాలో ఉన్నాయి. గుంపును నేల మీద నుంచి లెక్కపెడితే ముందు వరుస వెనుక వరుసను కప్పేస్తుంది, పైనుంచి ప్రతి పక్షీ విడిగా ఉంటుంది. ఆస్ట్రేలియాలో పరిశోధకులు ఇసుక మీద వేల ప్లాస్టిక్ బాతులను పేర్చి, అసలు సంఖ్య తమకు తెలిసేలా చూసుకుని, నేల మీది లెక్కనూ డ్రోన్ లెక్కనూ పోల్చారు. డ్రోనే గెలిచింది. ప్లాస్టిక్ బాతు మాత్రం భయపడి లేచిపోదు. 2021లో కాలిఫోర్నియాలోని బోల్సా చికాలో గూళ్ల మీద ఒక డ్రోన్ కూలితే, ఎలిగెంట్ టెర్న్ పక్షులు పదిహేను వందలకు పైగా గుడ్లను వదిలేసి ఎగిరిపోయాయి. పైకి బెదరనట్టు కనిపించే జంతువు కూడా లోపల బెదిరి ఉండవచ్చు. అమెరికాలోని మిన్నెసోటాలో నల్ల ఎలుగుబంట్లకు గుండె వేగాన్ని నమోదు చేసే పరికరాలు అమర్చి, పైన డ్రోన్ ఎగరేశారు. చాలావరకు అవి కదలకుండా అలాగే ఉన్నాయి. గుండె మాత్రం ఒక సందర్భంలో నిమిషానికి 123 సార్లు అదనంగా కొట్టుకుంది. మేట మీద స్కిమ్మర్లు లేవలేదు కాబట్టి ఇబ్బంది లేదని రాసుకునే ముందు ఈ అంకె గుర్తుకు రావాలి.

ఇంతకీ రిడ్లే తాబేళ్లు చచ్చేది ఎక్కడ? ఒడ్డున కాదు. ట్రాలర్ (వలను ఈడ్చుకుంటూ వెళ్లే మరపడవ) వలలో చిక్కి, పైకొచ్చి ఊపిరి తీసుకోలేక నీళ్లలోనే చచ్చిపోతాయి. ఒడ్డుకు కొట్టుకొచ్చిన కళేబరాలను డ్రోన్ చక్కగా లెక్కిస్తుంది. ఆ లెక్క పనికొస్తుంది గానీ ఒక్క తాబేలునూ బతికించదు. తీరం నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు వేటాడకూడదన్న నియమం ఉంది. దాన్ని ఎవరు మీరుతున్నారో కనిపెట్టాలంటే అరగంట బ్యాటరీ డ్రోన్ కన్నా ఉపగ్రహ రాడార్ నయం. మేఘమైనా చీకటైనా ఇనుప పడవ మీద తగిలిన రాడార్ తరంగం తిరిగొచ్చి చుక్కగా కనిపిస్తుంది, ఆ చుక్కలను కృత్రిమ మేధ ఏరి పెడుతుంది. ఇలా ప్రపంచమంతటి సముద్రాలను వెతికిన పరిశోధన ఒకటి 2024లో వచ్చింది. పారిశ్రామిక చేపల పడవల్లో 72 నుంచి 76 శాతం తమ ఉనికిని బహిరంగంగా తెలియజేయడం లేదని తేల్చింది. అయితే చిన్న చెక్క పడవలు రాడార్‌కు అంత తేలిగ్గా చిక్కవు. చిక్కిన చుక్క దగ్గరికైనా గస్తీ పడవ వెళ్లాలి, దానికి డీజిల్ కావాలి.

తాబేలును వలలోంచి బయటికి పంపే సాధనం మరొకటి ఉంది, దానికి బ్యాటరీ అక్కరలేదు. వల గొంతులో ఏటవాలుగా బిగించే కడ్డీల చట్రం అది, పక్కనే ఒక కంత. రొయ్యలు, చిన్న చేపలు కడ్డీల సందుల్లోంచి సంచిలోకి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి కంతలోంచి బయటపడుతుంది. మన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఇక్కడి వలలకు తగినట్టు దీన్ని రూపొందించింది. మంచి చేప కూడా కొంత జారిపోతుందన్నది పడవల వాళ్ల గొణుగుడు, అందులో నిజం లేకపోలేదు. ఇలాంటి చట్రాలు వాడటం లేదనే 2019 నుంచి సముద్రంలో పట్టిన మన రొయ్యలను అమెరికా కొనడం మానేసింది. చట్రం బిగించిన పడవకు జారిపోయిన చేప ధర కట్టిస్తే ఎంతవుతుందో, ఒక సీజన్ డ్రోన్ సర్వేకు ఎంతవుతుందో కాకినాడ రేవులో ఎవరైనా పక్కపక్కన వేసి చూస్తే బాగుండును.