తడి కాగితం మీద దుర్గం చెరువు రాళ్లు

"కొండ ఎట్ల గీయాలి ఆంటీ?" మా టెర్రస్ మీది వాటర్‌కలర్ క్లాసుకి కొత్తగా వచ్చిన పిల్లలు మొదట అడిగేది ఇదే. పెన్సిల్ ఇవ్వను. కాగితం తడిపి, వెలుగుకు ఏటవాలుగా పట్టి చూడమంటాను. తళతళా మెరుస్తుంటే పైన నీటి పొర ఉన్నట్టు. చుక్క నీలం వేస్తే చాలు, ఆ పొరలో పాకి ఆకాశమైపోతుంది. మెరుపు పోయి, చేయి ఆనిస్తే చల్లగా తగులుతుంటే నీళ్లు లోపలి పీచుల్లోకి దిగాయన్నమాట. అప్పుడు వేసిన రంగు కొంచెం పాకి ఆగుతుంది, దూరపు కొండలా అంచు మెత్తగా ఉంటుంది. పూర్తిగా ఆరాక వేస్తే అంచు గీత గీసినట్టు వస్తుంది, అది దగ్గరి రాళ్లకు. నేను నేర్పేది ఈ మెరుపు చూడటం ఒక్కటే.

మొన్న ఒక ఎనిమిదేళ్ల బాబు, సగం ఆరిన బూడిద రంగు మీద నీటి చుక్క పడేశాడు. చూస్తుండగానే కాలీఫ్లవర్ పువ్వులా మచ్చ విచ్చుకుంది. "ఖరాబైంది ఆంటీ" అన్నాడు, కళ్ల నిండా నీళ్లు. భూతద్దం ఇచ్చాను. మధ్యలో తెల్లగా, అంచున చిక్కటి గీత. కొత్త నీళ్లు తడి తక్కువున్న వైపు పాకుతూ రంగు రేణువులను తోసుకుపోయి, ఆగిన చోట కుప్పపోశాయి.

టేబుల్ మీద ఒలికిన చాయ్ చుక్క ఎండితే చుట్టూ ముదురు వలయం మిగులుతుంది కదా, అదీ దీనికి చుట్టమే. చుక్క అంచు కదలకుండా అంటుకుని ఉంటుంది. అక్కడ నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. ఆ లోటు పూడ్చడానికి లోపలి నీళ్లు అంచుకు పరుగెడుతూ రేణువులను మోసుకెళ్తాయి. రోజూ కళ్ల ముందుండే ఈ సంగతిని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇలా విడమరచి చెప్పింది 1997లో! నాకిప్పటికీ ఆశ్చర్యమే.

బాబు కాగితం మీది మచ్చ అచ్చం మన హైదరాబాద్ దుర్గం చెరువు పక్కన గుండురాయిలా ఉంది. ఆ గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. పగుళ్లలోకి దిగిన నీళ్లు మూలలను రెండు మూడు వైపుల నుంచి తినేస్తూ రావడంతో ఆ బండలు గుండ్రంగా తేలాయి.

"అంటే రెండూ నీళ్లే చేసినయా?"

"అవును బిడ్డా."

మే నెలలో మన ఊళ్లో కుంచె ముంచి తెచ్చేలోపే కాగితం ఆరిపోతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) మందపాటి కాగితాన్ని రెండు వైపులా తడిపితే పిల్లలకి కాస్త వ్యవధి దొరుకుతుంది. మామూలు డ్రాయింగ్ బుక్ కాగితం ఉబ్బి గుంటలు పడుతుంది, రంగంతా వాటిలోకే చేరుతుంది.

ఆ బాబు తర్వాత కావాలనే ఇంకో ఐదు చుక్కలు వేశాడు. ప్రతి చుక్కకీ ముందు కాగితం ఎత్తి, ఒక కన్ను మూసి, మెరుపు చూసుకున్నాడు.