ఫి ఫి దీవుల బోటు ట్రిప్: అపోహలు - వాస్తవాలు

థాయిలాండ్‌లోని ఫుకెట్‌కు తెలుగు గ్రూపులను తీసుకెళ్లడం నా పని. బస్సు ఎయిర్‌పోర్టు దాటకముందే ఎవరో ఒకరు అడుగుతారు: "ఫి ఫికి ఏ బోటు తీసుకోవాలండీ?"

అపోహ: స్పీడ్‌బోటే బెస్ట్, గంటలో చేరిపోతాం.

చేరిపోతాం, నిజమే. పెద్ద ఫెర్రీకి రెండు గంటలు పడుతుంది. కానీ అలలున్న రోజు స్పీడ్‌బోటు ముక్కు పైకి లేచి దబ్బున నీళ్ల మీద పడుతూ ఉంటుంది. ఓసారి ఒక పెద్దాయన ఫొటోలు బాగా వస్తాయని ముందు సీటు పట్టారు. పావుగంటకల్లా ఒక చెయ్యి నడుం మీద, ఇంకో చెయ్యి కడ్డీ మీద. నావైపు చూసిన చూపు ఇంకా గుర్తే. వెనక సీట్లలో ఇంజిన్ వాసన, నీటి తుంపర ఉంటాయి గానీ కుదుపు తక్కువ. నడుం నొప్పి ఉంటే ఫెర్రీ ఎక్కండి. గర్భిణులను చాలా స్పీడ్‌బోట్లు ఎక్కించుకోవు.

అపోహ: ఎండ కాస్తోందంటే సముద్రం బాగున్నట్టే.

అలలు లేపేది గాలి, వాన కాదు. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ నైరుతి రుతుపవనాల కాలం. మన పిల్లల ఎండాకాలం సెలవులు సగం అందులోనే పడతాయి. 2018 జులైలో, హెచ్చరికలున్నా బయల్దేరిన ఒక పర్యాటక పడవ ఫుకెట్ దగ్గర మునిగి 47 మంది చనిపోయారు. అందుకే కెప్టెన్ ఈ రోజు వద్దంటే నేను బతిమాలను. మీరూ బతిమాలించకండి.

అపోహ: ఎక్కువ దీవులు చూపిస్తే డబ్బులు గిట్టుబాటు.

ఆ లెక్కలో సగం బోటులోంచి చూపించేవే. వైకింగ్ గుహలోకి వెళ్లనివ్వరు, అక్కడ పక్షి గూళ్లు సేకరిస్తారు. మాయా బే అనే బీచ్ 2018 జూన్‌లో మూతపడి 2022 జనవరిలో తెరుచుకుంది. ఇప్పుడు బోట్లు వెనకవైపు ఆగుతాయి, అక్కడి నుంచి నడవాలి. ఈతకు దిగనివ్వరు. ఏటా ఆగస్టు, సెప్టెంబరుల్లో మూసేస్తున్నారు. కాబట్టి ఎన్ని దీవులని కాదు, ఎక్కడ దింపుతారు, ఎంతసేపు ఉంచుతారని అడగండి. ఈ దీవుల నేషనల్ పార్కు ఫీజు టికెట్‌లో కలిసిందో లేదో కూడా. పెద్దవాళ్లకు తలా 400 బాత్‌లంటే కుటుంబానికి తక్కువేం కాదు.

అపోహ: ఖాళీ కడుపుతో ఎక్కితే వాంతులు రావు.

ఇంకా తిప్పుతుంది. అలాగని హోటల్ బఫేలో పూరీలు లాగించకండి, రెండు బ్రెడ్ ముక్కలు, ఓ అరటిపండు చాలు. డాక్టర్‌ని అడిగి తెచ్చుకున్న మాత్ర బోటెక్కే ముందే వేసుకోవాలి. తిప్పడం మొదలయ్యాక మింగితే అదీ సముద్రంలోకే.