పిల్లి తిండిలో నీళ్లెన్ని?

మే నెల రెండో వారం. హన్మకొండలో మా పక్క ప్లాట్‌లో ఇల్లు కడుతున్నారు. అక్కడి ఇసుక కుప్పే మా పిల్లి పండుగాడికి బాత్‌రూమ్. ఆ రోజు పొద్దున అరగంటలో ఐదుసార్లు వెళ్లి కూర్చున్నాడు. వీపు వంచి ముక్కుతున్నాడు, లేచాక చూస్తే ఇసుక పొడిగానే ఉంది. "మలబద్ధకమైనట్టుంది బిడ్డా, ఇంత ఆముదం పట్టియ్యి" అంది అమ్మ. నాకూ అదే అనిపించింది. సాయంత్రానికి రెండుసార్లు కక్కుకుని, మంచం కింద చేరి మూలుగుతుంటే భయమేసి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన వాడి పొట్ట కింద చేయిపెట్టి చూసి, నా వేళ్లను కూడా అక్కడే ఆనించారు. లోపల నిమ్మకాయంత గట్టిగా తగిలింది. అది నిండిపోయిన మూత్రాశయం.

పండుగాడు బతికాడు. ఇంటికి తెచ్చుకున్న రోజే కొట్టుకెళ్లి, వాళ్లు చూపించిన వాటిలో అన్నింటికన్నా ఖరీదైన డ్రై ఫుడ్ బస్తా కొన్నాను. ఖరీదు ఎక్కువైతే నాణ్యత కూడా ఎక్కువే అనుకున్నాను. మూత్రం జబ్బున్న పిల్లి విషయంలో ఆ లెక్క పనికిరాదని తెలుసుకోవడానికి చాలా రోజులు పట్టింది.

తిండి సంగతికి ముందు ఒక మాట. మగపిల్లి పదేపదే కూర్చుంటూ, చుక్క కూడా రాకపోతే ఏ ఫుడ్ మార్చాలా అని ఆలోచిస్తూ కూర్చోకండి. అర్ధరాత్రయినా సరే, డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మగపిల్లికి మూత్రం బయటికొచ్చే గొట్టం చివరికొచ్చేసరికి చాలా సన్నబడుతుంది. ఇసుక లాంటి స్ఫటికాలు, జిగురు కలిసి అక్కడ బిరడాలా బిగుసుకుంటాయి. మూత్రంతో పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండె లయను చెడగొడుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ ముక్క మాత్రం వేయకండి. మనకు మందు అయిన ఆ బిళ్ల పిల్లికి విషం. పిల్లి కాలేయం దాన్ని విరిచి బయటికి పంపలేదు.

ఇంతకీ పిల్లికే ఈ బాధ ఎందుకంత ఎక్కువ?

మన ఇళ్లలో తిరిగే పిల్లుల పూర్వీకులు ఉత్తర ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారి ప్రాంతాల అడవిపిల్లులు. నీళ్లు దొరకని చోట బతికిన జంతువు కాబట్టి దానికి దాహం తక్కువ. మూత్రపిండాలు నీటిని పిండుకుని, మూత్రాన్ని చిక్కగా చేసి వదులుతాయి. అక్కడ దానికి నీళ్లు వేటలోనే దొరికేవి. ఎలుక ఒంట్లో దాదాపు 70 శాతం నీరే. రోజుకు పది ఎలుకలు తింటే దాహం తీరినట్టే. ఆ పిల్లినే మనం తెచ్చి ఇంట్లో పెట్టుకుని గిన్నెలో గింజల్లాంటి డ్రై ఫుడ్ పోస్తున్నాం. అందులో నీరు 10 శాతం లోపే.

లెక్క వేసి చూడండి. నాలుగు కిలోల పిల్లికి రోజు మొత్తానికి సుమారు 200 మిల్లీలీటర్ల నీరు కావాలి. 60 గ్రాముల డ్రై ఫుడ్ తింటే అందులోంచి వచ్చేది ఆరు మిల్లీలీటర్లు. మిగతాదంతా గిన్నెలోంచి తాగాలి. డ్రై ఫుడ్ తినే పిల్లి నిజంగానే ఎక్కువసార్లు గిన్నె దగ్గరికి వెళ్తుంది. కానీ సాధారణంగా ఆ లోటును పూర్తిగా పూడ్చుకోదు. అదే పిల్లికి పౌచ్‌లో వచ్చే వెట్ ఫుడ్ 240 గ్రాములు పెడితే, అందులో 78 శాతం నీరున్నా తిండిలోనే 187 మిల్లీలీటర్లు లోపలికి వెళ్లినట్టు. ఈ తేడా తెలిశాక ఆ ఖరీదైన బస్తా మీద నాకున్న గౌరవం పోయింది.

1999లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధన ఈ విషయంలో నన్ను బాగా ఆలోచింపజేసింది. కారణం తెలియని మూత్రాశయపు వాపు ఉన్న పిల్లులకు ఒకే తరహా ఆహారాన్ని రెండు రూపాల్లో ఏడాదిపాటు పెట్టారు. డబ్బాలో వచ్చే తడి ఆహారం తిన్న 18 పిల్లుల్లో 16 మళ్లీ జబ్బు పడలేదు. పొడి ఆహారం తిన్న 28లో అలా తప్పించుకున్నవి 17. చిన్న లెక్కే, కానీ అది చూపించే దారి స్పష్టంగానే ఉంది. మూత్రం పలచబడితే, అందులోని లవణాలూ మంట పుట్టించే పదార్థాలూ అన్నీ పలచబడతాయి. స్ఫటికాలు గట్టిపడి ఏర్పడిన రాయి ఏ రకమైనా, అసలు రాయే లేకపోయినా ఈ సూత్రం వర్తిస్తుంది.

రాయి రకం దగ్గరికి వచ్చేసరికి విషయం మారుతుంది. ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. పిల్లుల్లో ఎక్కువగా కనిపించేవి రెండు. ఒకటి స్ట్రూవైట్. మెగ్నీషియం, అమ్మోనియా, ఫాస్ఫేట్ కలిసి ఏర్పడుతుంది. మూత్రం క్షారం వైపు మొగ్గితే ఇది పుడుతుంది, కాస్త ఆమ్లంగా మారితే కరిగిపోతుంది. కాబట్టి డాక్టర్ రాసిచ్చే ప్రత్యేక ఆహారంతోనే, కోత లేకుండా, కొన్ని వారాల్లో కరిగించవచ్చు. రెండోది కాల్షియం ఆక్సలేట్. ఇది ఏ తిండికీ కరగదు. రాయి ఇబ్బంది పెడితే తీయించాల్సిందే. మూత్రాన్ని మరీ ఆమ్లంగా మారిస్తే ఇది పుట్టే అవకాశం పెరుగుతుంది కూడా.

చరిత్రలో అదే జరిగింది. 1980ల మొదట్లో పరీక్షకు వచ్చిన పిల్లి రాళ్లలో అత్యధికం స్ట్రూవైటే. కంపెనీలు మెగ్నీషియం తగ్గించి, మూత్రాన్ని ఆమ్లంగా మార్చే ఆహారాలు తయారుచేశాయి. స్ట్రూవైట్ తగ్గింది, ఆ తరువాతి ఏళ్లలో కాల్షియం ఆక్సలేట్ పెరిగింది. కాబట్టి ఎదురింటి పిల్లికి పనిచేసిన సంచి మన పిల్లికి కీడు చేయవచ్చు. ముందు మూత్ర పరీక్ష, వీలైతే ఎక్స్‌రే లేదా స్కానింగ్, ఆ తరువాతే ఫుడ్. మూత్రం కూడా తాజాగా ఉన్నప్పుడే చూడాలి. సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు తీసుకెళ్తే, చల్లబడిన మూత్రంలో కొత్తగా స్ఫటికాలు పుట్టి లేని జబ్బును చూపిస్తాయి. మాకు దగ్గర్లో మామునూరులో పశువైద్య కళాశాల ఉంది. ఇలాంటి ఊళ్లలో ఉన్నవాళ్లు పరీక్ష మానేసి సంచి మీది బొమ్మ చూసి కొనడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

సంచి మీద ఏం చూడాలంటే, ముందు వెనక వైపు తిప్పండి. "కాంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్" అని ఉందా, "కాంప్లిమెంటరీ" అని ఉందా? రెండోది ఉంటే అది పక్కవంటకం మాత్రమే. రుచికి పెట్టొచ్చు, దాని మీదే పిల్లిని పెంచకూడదు. ముందువైపు పెద్దక్షరాలతో "యూరినరీ" అని రాసిన ప్రతిదీ వైద్యపు ఆహారం కాదు. రాళ్లను కరిగించేవి డాక్టర్ సలహాతో వాడే వేరే రకం. వాటిని పిల్లకూనలకూ, చూలు పిల్లులకూ, మూత్రపిండాలు దెబ్బతిన్న పిల్లులకూ అడగకుండా పెట్టకూడదు. కొన్నింట్లో పిల్లి ఎక్కువ నీళ్లు తాగాలని ఉప్పు కొంచెం పెంచుతారు.

ప్రొటీన్ అంకె కూడా మోసం చేస్తుంది. పౌచ్ మీద 10 శాతం, డ్రై ఫుడ్ మీద 32 శాతం అని ఉంటే డ్రై ఫుడ్డే బలమైనదని అనిపిస్తుంది. నీటిని తీసేసి చూడాలి. పౌచ్‌లో 78 శాతం నీరు పోగా మిగిలిన 22లో 10 ప్రొటీన్, అంటే 45 శాతం. డ్రై ఫుడ్‌లో 90లో 32, అంటే దాదాపు 36 శాతమే. గ్రెయిన్ ఫ్రీ అన్న ముద్రకు మూత్రం జబ్బుతో సంబంధం లేదు. దానికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదని నా అభిప్రాయం.

అందరూ రోజుకు మూడు పౌచ్‌లు కొనలేరు, నేనూ కొనలేను. పండుగాడికి ఒక పూట పౌచ్, మిగతా పూటలు డాక్టర్ చెప్పిన డ్రై ఫుడ్‌ను గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి పెడతాను. మన ఎండల్లో నానిన ఫుడ్ త్వరగా చెడుతుంది కాబట్టి గంటలో తినకపోతే తీసేయాలి. చికెన్ ఉడికించిన నీళ్లు కొద్దిగా పోస్తే గిన్నె నాకేస్తాడు. ఆ నీళ్లలో ఉప్పు, ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ ఏవీ ఉండకూడదు. ఉల్లి, ఎల్లి పిల్లి రక్తకణాలను పగలగొడతాయి. మనం తినగా మిగిలిన కూర పెట్టకూడదని చెప్పేది ఇందుకే. నీళ్ల గిన్నెలు మూడు చోట్ల పెట్టాను, తిండి గిన్నెకు దూరంగా. మట్టి మూకుట్లో పోసినవే వాడికి ఎక్కువ ఇష్టం.

మన దగ్గర పిల్లి అంటే పాలన్నం, పెరుగన్నం. అమ్మ పెంచిన పిల్లులన్నీ అవే తిన్నాయి. కానీ అవి పగలంతా తిరిగి ఎలుకల్ని పట్టేవి, అసలు భోజనం అదే. గేటు దాటని పిల్లికి అన్నమే మిగిలితే, మాంసంతో మూత్రం ఆమ్లంగా ఉండాల్సింది క్షారం వైపు జరుగుతుంది. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం కూడా అందదు. ఆ పదార్థం లేకపోతే పిల్లి చూపు పోతుందని 1975లో, గుండె కండరం పాడవుతుందని 1987లో తేలింది. ఇంట్లో చికెన్ ఉడికించి పెట్టేవాళ్లు ఉడికిన నీళ్లు పారబోయకండి, టారిన్ చాలావరకు ఆ నీళ్లలోకే దిగుతుంది. ఉత్త చికెన్‌లో కాల్షియం చాలా తక్కువ కనుక అదొక్కటే రోజూ సరిపోదు. ఎండుచేపల్లో ఉప్పు, ఖనిజాలు ఎక్కువ. మూత్రం జబ్బు వచ్చిన పిల్లికి వాటిని మానిపించడమే మంచిది. అమ్మకు ఇది ఒప్పుకోవడం కష్టమైంది. కుమార్‌పల్లి మార్కెట్‌కు వెళ్లిన ప్రతిసారీ వాడి కోసం గుప్పెడు ఎండుచేపలు తెచ్చేది. ఇప్పుడు కోడి గుండెకాయలు తెస్తోంది. వాటిలో టారిన్ బాగా ఉంటుంది, వారానికి ఒకటి రెండుసార్లు ఉడికించి చిరుతిండిలా ఇస్తుంది.

అన్నీ చేసినా పోయిన బతుకమ్మకు పండుగాడు మళ్లీ ఇసుకలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఈసారి మూత్రం వచ్చింది, కానీ చుక్కలు చుక్కలుగా, కొద్దిగా రక్తంతో. పరీక్షలో స్ఫటికాలు లేవు. ఇల్లంతా చుట్టాలు, పిల్లల అరుపులు, వాడు పడుకునే గది కూడా ఇచ్చేశాం. మూత్రం బాధతో వచ్చే పిల్లుల్లో సగానికి పైగా ఇలాంటివేనని, రాయీ ఇన్ఫెక్షనూ ఏదీ దొరకదని, టెన్షనే మూత్రాశయం మీద పడుతుందని డాక్టర్ చెప్పారు. అప్పుడు ఫుడ్ మార్చమని అనలేదు. వాడికి ఎవరూ రాని మూల ఒకటి, అక్కడే నీళ్లు, మూత్రం పోయడానికి మట్టి నింపిన ట్రే పెట్టమన్నారు. దీపావళికి ముందే మేడ మీది స్టోర్ రూమ్ ఖాళీ చేసి వాడికిచ్చాం. పటాకుల రాత్రి గడిచిన మర్నాడు ట్రేలో తడి ముద్దలు మూడున్నాయి, ఒక్కోటి నిమ్మకాయంత.

ఫుడ్ మార్చాల్సి వస్తే మాత్రం తొందరపడకండి. పాతదానిలో కొత్తది కొద్దికొద్దిగా కలుపుతూ వారం, పది రోజులు తీసుకోండి. ఆకలేస్తే అదే తింటుందని పట్టుబట్టి కూర్చుంటే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే, ఒంట్లో కొవ్వు కాలేయంలో చేరి ప్రాణం మీదికొస్తుంది. పండుగాడికి వెట్ ఫుడ్ అలవాటు కావడానికి పద్దెనిమిది రోజులు పట్టింది. మొదటి రోజు చెంచాడు పెడితే వాసన చూసి, ముంగాలితో నేలను గీరి వెళ్లిపోయాడు.