ముందు వేరు, తర్వాతే ఆకు

బ్రాడీపేట, గుంటూరు

చిన్నీకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

అమ్మ నానబెట్టిన పెసలకి తెల్ల తోకలొచ్చాయనీ, ఆకు రాకుండా ముందు తోకెందుకొచ్చిందనీ ఫోన్లో అడిగావు కదమ్మా చిన్నీ. అది తోక కాదు, వేరు.

మొన్న బెజవాడ వచ్చినప్పుడు మీ వీధి మలుపులో కొత్తగా కడుతున్న ఇల్లు చూశాను. గోడ లేవకముందే బోరు వేయించారు. నీళ్లు లేందే సిమెంటు కలిసేదెలా? గింజదీ అదే లెక్క. కట్టుబడి సామానంతా రెండు పప్పుబద్దల్లో సర్ది ఉంటుంది, లేనిదల్లా నీళ్లే. నానిన గింజ ఉబ్బుతుంది. లోపలి వేరు నీళ్లు పట్టి సాగుతుంది, పొట్టు చిట్లుతుంది. గింజ పక్కన తెల్ల మచ్చ చూడండి, కాయలో తల్లిని అంటుకున్న చోటది. వేరు దాని పక్కనుంచే వస్తుంది. పైకి కనబడాలన్న తొందర దానికి లేదు. లెక్కలు నేర్చేటప్పుడు మీరూ అలాగే ఉండాలి.

కిందికే పోవాలని ఎలా తెలుసంటారా? గోడ నిటారుగా ఉందో లేదో మేస్త్రి దారానికి గుండు కట్టి చూస్తాడు. వేరు కొసన ఉండే తొడుగులోనూ సన్నటి పిండి రేణువులుంటాయి. బరువుకి అవి ఏ వైపు దిగితే అదే కింద అని వేరుకి గుర్తు.

నా చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్లో, వరి కోతకి రెండు మూడు రోజుల ముందు నిలువు పైరులోనే మా నాన్న మినుములు చల్లేవాడు. దున్నడం లేదు, పూడ్చడం లేదు. పనలెత్తేసరికి దుబ్బుల మధ్య మొలకలుండేవి. నేను గొంతుక్కూర్చుని చూసేవాణ్ణి. వెల్లకిలా పడ్డ గింజ వేరు కూడా మెలి తిరిగి బురదలోకి దిగేది. మాగాణిలో మిగిలిన ఆ తేమ మీదే పంటంతా. అందుకే పదును ఆరకముందే చల్లాలని నాన్నకి ఒకటే ఆత్రం.

వడ్ల సంగతి ఇంకా విచిత్రం. నీళ్లలో మునిగి గాలాడకపోతే వేరు కంటే ముందు మొలకనే పైకి పంపుతాయి. చుట్టూ నీళ్లుంటే బోరెందుకు, ముందు కిటికీ కావాలి కదా! అంత గింజకి ఏది ముందో తెలియడం నాకిప్పటికీ అబ్బురమే.

ఒక గాజుగ్లాసులో తడిగుడ్డ పెట్టి, గాజుకీ గుడ్డకీ మధ్య నాలుగు పెసలు ఇరికించండి. గుడ్డ ఆరనివ్వకండి. వేరు మీద తెల్లటి నూగు వస్తుంది. బూజనుకుని పారేసేరు, మట్టిలో నీళ్లు తాగేది ఆ నూగే. వేరు అంగుళం సాగాక గ్లాసుని పక్కకి పడుకోబెట్టండి. మర్నాడు అది ఎటు తిరిగిందో బొమ్మ గీసి, ఈసారి వచ్చేటప్పుడు పట్టుకురండి.

మీ తాతయ్య