మీ అమ్మ చేతికిచ్చి చూశాకే కొనండి

పెరంబూరు, చెన్నై.

చిరంజీవులిద్దరికీ పెద్దమ్మ ఆశీస్సులు.

సంక్రాంతికి పెద్దవాళ్లిచ్చిన డబ్బులు ఇద్దరూ కలిపి దాచి, కారులో దారి చూపే జీపీఎస్ పెట్టె కొనాలనుకుంటున్నారని మీ నాన్న చెప్పారు. ఎంత సంతోషమేసిందో. మొన్న మీరు ఫోన్ చేసి "ఏది కొనాలి పెద్దమ్మా?" అని అడిగినప్పుడు పొయ్యి మీద పాలున్నాయని రెండు ముక్కలు చెప్పి పెట్టేశాను. మనసొప్పలేదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. దుకాణానికి వెళ్లేటప్పుడు ఈ కాగితం వెంట తీసుకెళ్లండి.

ముందు మీకు తెలియని సంగతొకటి చెప్పాలి. మీ అమ్మ లైసెన్సు తీసుకుని మూడేళ్లయింది. అయినా మీ బడికీ మార్కెట్టుకూ తప్ప కారు బయటికి తీయదు. ఎందుకో ఎప్పుడైనా అడిగారా? ఒకరోజు మేమిద్దరమే విమానాశ్రయానికి బయల్దేరాం. తను నడుపుతోంది, నేను పక్కన కూర్చుని నా ఫోన్లో దారి చూసి చెబుతున్నాను. కోయంబేడు, వడపళని దాటేదాకా బాగానే ఉంది. దారులు కొమ్మల్లా చీలే కత్తిపారా వంతెన దగ్గరికొచ్చి ఏ కొమ్మ ఎక్కాలో చూసే సరికి నా ఫోను మోగింది. పటం పోయి తెరంతా ఫోన్ చేసినావిడ పేరే. దాన్ని తోసేసి మళ్లీ పటం తెచ్చుకునేలోపు మలుపు దాటిపోయింది. వెనక బస్సు ఒకటే హారన్. తప్పు కొమ్మ ఎక్కి పోరూరు వైపు వెళ్లిపోయాం. రోడ్డు పక్కన ఆపాక చూస్తే మీ అమ్మ చేతులు వణుకుతున్నాయి. స్టీరింగు మీద తన అరచేతుల తడి అచ్చుపడి ఉంది. ఆ రోజు తప్పు నాది. నేను ఫోను మోగకుండా పెట్టుకుని ఉండాల్సింది. భయం మాత్రం తనకు మిగిలిపోయింది.

కాబట్టి ఈ పెట్టె మీ నాన్న కోసం కాదు, ఆయనకు దారులన్నీ కొట్టిన పిండి. బాబాయి కోసమూ కాదు, ఆయన దేన్నైనా పది నిమిషాల్లో నేర్చేసుకుంటారు. మీ అమ్మకు కుదరాలి. తనకు కుదిరితే ఇంట్లో అందరికీ కుదిరినట్టే. కింద రాసేదంతా ఈ ఒక్క కొలతతోనే రాస్తున్నాను.

ఫోనుండగా వేరే పెట్టె ఎందుకని చిన్నోడు అడిగాడు. మంచి ప్రశ్నే. ఊళ్లో తిరగడానికి నిజంగా ఫోనే మేలు. మెట్రో రెండో దశ పనులతో చెన్నైలో ఏ వీధి ఎప్పుడు వన్‌వే అవుతుందో, ఏది మూసేస్తారో తెలియదు. ఎక్కడ ట్రాఫిక్ ఆగిందో ఫోనుకు నిమిషాల్లో తెలుస్తుంది. పెట్టెకు ఆ కబురు అందాలంటే దాన్ని ఫోనుతో కలపాలి, లేదంటే అందదు. ఇది దాచి పెట్టె గొప్పలు చెప్పడం నాకిష్టం లేదు.

అయితే అమ్మమ్మను చూడ్డానికి నెల్లూరు వెళ్లేటప్పటి సంగతి వేరు. పెట్టెలో పటం మొత్తం లోపలే ఉంటుంది, నెట్ అక్కర్లేదు. దానికి ఫోన్లు రావు, మెసేజీలు రావు. మీ నాన్న తన ఫోను తీసుకుని ఆఫీసుకెళ్లినా పెట్టె ఇంట్లోనే ఉంటుంది. ఈ వారం మీ కారులో, వచ్చే వారం బాబాయి కారులో పెట్టుకోవచ్చు. ఇంకోటి, నిరుడు కత్తెర ఎండల్లో నాయుడుపేట దాటాక, డ్యాష్‌బోర్డు మీద పెట్టిన నా ఫోను వేడెక్కి తనంతట తనే ఆగిపోయింది. ఫోను చల్లబడేదాకా ఒక చింతచెట్టు కింద కూర్చున్నాం.

మరి సిగ్నల్ లేకపోతే అది దారెలా కనుక్కుంటుందని చిట్టితల్లి అడిగింది కదా. దానికి కత్తిపారా పక్కనే ఉన్న గుట్ట నుంచి మొదలుపెడతాను. సెయింట్ థామస్ మౌంట్, మనం పరంగిమలై అంటాం. 1802లో విలియం లాంబ్టన్ అనే సర్వే అధికారి ఆ గుట్ట దగ్గరే ఈ దేశాన్నంతా కొలిచిన మహా సర్వేకు పునాది గీత కొలిచాడు. వంద అడుగుల ఉక్కు గొలుసు పరిచి, ఎత్తి, మళ్లీ పరిచి, సుమారు 12 కిలోమీటర్లు. అందుకు 57 రోజులు పట్టింది. ఆ ఒక్క గీత ఆధారంగా త్రిభుజం మీద త్రిభుజం కట్టుకుంటూ, కోణాలు కొలుచుకుంటూ ఆ పని హిమాలయాల దాకా సాగింది. ఈసారి అటు వెళ్లినప్పుడు ఆ గుట్టకేసి ఒక్కసారి చూడండి.

అక్కడ కోణాలు కొలిచారు, మీ పెట్టె కాలాన్ని కొలుస్తుంది. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున జీపీఎస్ ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. కనీసం 24 ఉండాలని లెక్క. ఒక్కొక్కటీ "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని చెబుతూ ఉంటుంది. ఆ మాట మీ పెట్టెకు చేరడానికి ఎంతసేపు పట్టిందో తెలిస్తే, ఆ ఉపగ్రహం ఎంత దూరంలో ఉందో తెలిసినట్టే. అలా మూడు దూరాలు తెలిస్తే మనమున్న చోటు దొరుకుతుంది. అయినా నాలుగో ఉపగ్రహం కూడా కావాలి. ఎందుకంటే, ఉపగ్రహాల్లో ఉన్నది ఎంతో కచ్చితమైన అణు గడియారం, మీ పెట్టెలో ఉన్నది మామూలు గడియారం. దాని తప్పు దిద్దడానికి నాలుగో సాక్షి కావాలి. రేడియో సంకేతం సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. గడియారం సెకనులో పది లక్షలో వంతు తప్పినా దూరంలో 300 మీటర్లు తేడా వచ్చేస్తుంది. ఇదంతా పైనుంచి మనకొచ్చేదే, మనం పైకి పంపేదేమీ లేదు. అందుకే నెట్ లేకపోయినా పనిచేస్తుంది.

జీపీఎస్ అమెరికాది. 2000 మే నెల దాకా ఆ దేశం మామూలు జనానికందే సంకేతాన్ని కావాలనే కొంచెం చెడగొట్టి పంపేది. వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. వంద మీటర్ల తేడాతో కత్తిపారాలో ఏ కొమ్మ ఎక్కాలో ఎవరు చెప్పగలరు? ఆ నెలలో అది ఆపేశాకే కార్లలో ఈ పెట్టెలకు గిరాకీ పెరిగింది.

ఇప్పుడు జీపీఎస్ ఒక్కటే కాదు. రష్యాది గ్లోనాస్, ఐరోపాది గెలీలియో, చైనాది బైడూ. మనది నావిక్. నెల్లూరు దారిలో సూళ్లూరుపేట దగ్గర శ్రీహరికోట బోర్డు కనిపిస్తుందే, ఆ దారి చివరనుంచే 2013 జులై 1న నావిక్ మొదటి ఉపగ్రహం పైకెళ్లింది. 2023 మేలో అక్కడినుంచే వెళ్లిన ఎన్‌విఎస్-01 అనే ఉపగ్రహంలో మన దేశంలో చేసిన అణు గడియారం ఉంది. మన ఇంటినుంచి గంటన్నర ప్రయాణంలో ఇంత పని జరుగుతోందంటే నా గుండె పొంగుతుంది పిల్లలూ. కొనేముందు పెట్టె వెనక ఏయే వ్యవస్థల పేర్లు రాశారో చదవండి. ఎక్కువ ఉపగ్రహాలు కనిపిస్తే, ఎత్తైన భవనాల మధ్య తడబాటు తగ్గుతుంది.

ఇక దుకాణం సంగతి. ఇప్పుడు ఈ పెట్టెలు అమ్మే దుకాణాలు తగ్గాయి. ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే రిచీ స్ట్రీట్‌లో ఒక చుట్టు చుట్టండి. గార్మిన్, టామ్‌టామ్, మ్యాప్‌మైఇండియా లాంటి పేర్లు వినిపిస్తాయి. పేరు చూసి నిర్ణయించుకోవద్దు, లోపలున్న పటం చూడండి. అమెరికాలో ఉన్న మీ మామయ్య తెస్తానన్నాడట. వద్దని చెప్పండి. అక్కడ అమ్మే వాటిలో సాధారణంగా అక్కడి పటాలే ఉంటాయి. మన దేశం పటం విడిగా కొనాలి, అది ఆ పెట్టెకు దొరుకుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

పటం ఎప్పటిదో కూడా అడగండి. మీ పెదనాన్న ఒకసారి చవగ్గా వస్తోందని ఎవరో వాడిన పెట్టె కొనుక్కొచ్చారు. నున్నటి కొత్త బైపాస్ మీద పోతుంటే ఆ తెర మీద మా కారు రోడ్డే లేని పచ్చటి చోట, వరి చేలో ఈదుతున్నట్టు కనిపించింది. ప్రతి రెండు నిమిషాలకూ వెనక్కి తిరగమని ఒకటే పోరు. పటం మార్చుకోవడానికి డబ్బు కట్టాలా, ఎన్నేళ్లు ఉచితం, వై-ఫైతో మారుతుందా లేక కంప్యూటర్‌కు తగిలించాలా, ఇవన్నీ బిల్లు వేసేలోపే తేల్చుకోండి. ఇంట్లో ఆ పని ఎవరిదో కూడా ఇప్పుడే అనుకోండి. చిట్టితల్లి అయితే మర్చిపోదు.

దుకాణం లోపల నిలబడి పరీక్షించొద్దు, కప్పు కింద సంకేతం సరిగా అందదు. బయట ఆకాశం కనిపించే చోటికి తీసుకురండి. చాన్నాళ్లు ఆపేసి ఉంటే మొదటిసారి కాస్త ఆలస్యమవుతుంది, కంగారుపడొద్దు. ఒక్కో ఉపగ్రహం తన చోటు వివరాలు 30 సెకన్లకోసారి చెబుతుంది. అన్ని ఉపగ్రహాల జాబితా మొత్తం చెప్పడానికి పన్నెండున్నర నిమిషాలు పడుతుంది. ఫోనైతే ఆ వివరాలు నెట్ నుంచి తెచ్చుకుంటుంది కాబట్టి తొందరగా తేరుకుంటుంది.

అప్పుడు పెట్టె మీ అమ్మ చేతికివ్వండి. మీరు పక్కనుంచి చూపించొద్దు. సూళ్లూరుపేట కొట్టమనండి. ఇంగ్లీషులో ఒక 'ఎల్' తగ్గించి కొట్టినా, చివర 'ఏ' మరిచిపోయినా ఊరు దొరకాలి. దొరక్కపోతే ఆ పెట్టె మనకొద్దు. తర్వాత మీకు బాగా తెలిసిన చోటు, మీ బడి అడగమనండి. తెలిసిన దారిలో అది ఏం చెబుతుందో చూస్తేనే దాని నిజాయితీ తెలుస్తుంది. ముక్కుసూటిగా పోవాల్సిన చోట గల్లీల్లోంచి తిప్పుతుందేమో చూడండి. గొంతు వినండి. తెలుగు ఉంటే సరే, లేకపోతే ఇంగ్లీషులోనైనా తిరువొత్తియూర్, నుంగంబాక్కం అన్న పేర్లు మీ అమ్మకు అర్థమయ్యేలా పలకాలి. ఏసీ, హారన్ల మధ్య వినబడేంత గట్టిగా ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యం, కూడలికి ముందే రోడ్డు మీద ఏ వరసలో (లేన్‌లో) ఉండాలో బొమ్మ గీసి చూపేది తీసుకోండి. వంతెనల దగ్గర ఏ పెట్టె అయినా తికమక పడుతుంది. ఉపగ్రహాలన్నీ మన పైనే ఉంటాయి, కింద ఒక్కటీ ఉండదు కదా. అందువల్ల ఎటువైపు ఉన్నామో బాగా తెలుస్తుంది కానీ ఎంత ఎత్తున ఉన్నామో అంత బాగా తెలియదు. వంతెన మీదున్నామా కిందున్నామా అన్నది పెట్టె ఊహించుకోవాల్సిందే. అది పొరపడకముందే, అర కిలోమీటరు ముందుగానే మనకు బొమ్మ కనిపిస్తే మీ అమ్మ నెమ్మదిగా వరస మారుతుంది.

తెర 5 అంగుళాలో 6 అంగుళాలో చాలు. ఏడైతే మన చిన్న కారులో రోడ్డుకే అడ్డం. అద్దానికి అంటించే రబ్బరు గిన్నె ఎండకు ఊడి పడుతుంటుంది. తడిగుడ్డతో అద్దం తుడిచి, ఆరాక అంటించాలి. కింది మూలన పెట్టండి, ఎయిర్‌బ్యాగ్ మూత మీద మాత్రం వద్దు. దిగేటప్పుడు పెట్టె తీసేయడమే కాదు, అద్దం మీద ఆ గుండ్రటి మరక కూడా తుడవాలి. దొంగకు ఆ మరక చాలు. మూసిన కారులో ఎండకు వదిలేస్తే బ్యాటరీ పాడవుతుంది. సిగరెట్ లైటర్ సాకెట్‌కు తగిలించే ఛార్జర్ తీగ విడిగా దొరుకుతుందో కూడా అడగండి, ముందు తెగేది అదే.

నలుగురూ వాడే వస్తువు కాబట్టి ఇంకొక మాట. అందులో 'ఇల్లు' అని మన గుమ్మం పెట్టొద్దు. వీధి చివరి పిళ్లయార్ (వినాయకుడి) గుడి పెట్టండి. పెట్టె పోయినా, కారు ఎవరి చేతికెళ్లినా ఇంటి అడ్రసు వాళ్ల చేతిలో పెట్టినట్టు కాకూడదు. పిన్ పెట్టుకునే వీలుంటే పెట్టుకోండి. పెట్టె ఎక్కడెక్కడికి వెళ్లిందో అన్నీ గుర్తుపెట్టుకుంటుంది. మీ అమ్మ ఏ డాక్టరు దగ్గరికెళ్లింది, బాబాయి ఎవరింటికెళ్లారు అని ఆ జాబితా తెరిచి చూడకండి. ఎవరైనా తన జాబితా చెరిపేసుకుంటే ఎందుకని అడగకండి. అడగరని నాకు నమ్మకముంది, అయినా చెబుతున్నాను.

ఊరు పేరు కొట్టడం బండి కదలకముందే అయిపోవాలి. దారిలో మార్చాల్సి వస్తే పక్క సీట్లో ఉన్నవాళ్ల పని, నడిపేవాళ్లది కాదు. 2020 అక్టోబరు నుంచి అమలైన నిబంధన ఉద్దేశం కూడా అదే. నడిపేటప్పుడు చేతి ఫోను దారి చూసుకోవడానికి మాత్రమే వాడాలి, అదీ నడిపేవాళ్ల ధ్యాస చెదరకుండా. వెనక సీట్లో మీరిద్దరూ కొట్లాడుకుంటే ఆ గొంతు వినబడదు. ఆ అరగంట మీ అమ్మ కోసం ఓర్చుకోండి.

కొన్నాక వెంటనే కత్తిపారాకు పోవద్దు. ఆదివారం పొద్దున ఆరింటికి ఇక్కడికి రండి. మాధవరం మీదుగా జీఎన్‌టీ రోడ్డెక్కి రెడ్‌హిల్స్ దాకా వెళ్లి వద్దాం. ఆ వేళకు లారీలు తక్కువ. మీ అమ్మ నడుపుతుంది, పెట్టె చెబుతుంది, నేను ఫోను ఇంట్లో వదిలేసి వచ్చి పక్కన కూర్చుంటాను. తిరిగొచ్చేసరికి ఇడ్లీ, వేరుశెనగ పచ్చడి చేసి పెట్టమని మీ పెదనాన్నకు చెప్పాను. మీ అమ్మను కళ్లజోడు మర్చిపోవద్దనండి, పోయినసారి ఇక్కడే వదిలేసి వెళ్లింది.

ఇట్లు,
మీ పెద్దమ్మ