ఎల్క్ వేటకు బాణం కట్టుకోవడం: అపోహలు – వాస్తవాలు

ఆగస్టు వచ్చిందంటే మా గ్యారేజీలో బల్ల నిండా కార్బన్ షాఫ్టులే, అంటే బాణం కర్రలే. ఇక్కడ కొలరాడోలో సెప్టెంబరు అంటే విల్లుతో ఎల్క్ అనే పెద్ద జింకను వేటాడే నెల. ఈ మధ్య మన తెలుగువాళ్లు కూడా ఒకరిద్దరు ఇందులోకి దిగి, బాణాలు కట్టించుకోవడానికి నా దగ్గరికి వస్తున్నారు. అందరూ మొదట అడిగేది ఒక్కటే. "అన్నా, స్పీడ్ ఎంత వస్తుంది?" ఎముకకు తగిలితే బాణం నిలబడుతుందా అని అడిగినవాళ్లు ఇప్పటిదాకా లేరు. వాళ్లు అడగని ఆ ప్రశ్నకే ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ఊళ్లో ఉన్న తమ్ముళ్లకు ముందే ఒక మాట. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. నేను రాసేదంతా ఇక్కడ లైసెన్సు, ట్యాగు (జంతువును వేటాడటానికి ఇచ్చే అనుమతి చీటీ) తీసుకుని చేసే వేట గురించే.

అపోహ: బాణం ఎంత వేగంగా పోతే అంత లోతుగా దిగుతుంది.

నాది 70 పౌండ్ల బలంతో లాగాల్సిన కాంపౌండ్ విల్లు, అంటే చివర్లలో కప్పీలున్న విల్లు. దానితో 400 గ్రెయిన్ల (15 గ్రెయిన్లు దాదాపు ఒక గ్రాము) బాణం వదిలితే సెకనుకు 285 అడుగుల వేగం వస్తుంది. అదే విల్లుతో 550 గ్రెయిన్ల బాణం వదిలితే 248. లెక్క కడితే మొదటిదాని శక్తి 72 ఫుట్-పౌండ్లు, రెండోదానిది 75. పెద్ద తేడా ఏమీ లేదు. ద్రవ్యవేగం చూస్తే మాత్రం బరువు బాణానిది దాదాపు 20 శాతం ఎక్కువ. చర్మం, కండ, పక్కటెముక అడ్డు పడినా ఆగకుండా తోసుకుపోయేది ఆ ద్రవ్యవేగమే.

వేగంతో లాభం లేదని నేను అనను. దూరం అంచనా నాలుగైదు గజాలు తప్పినా తేలిక బాణం కాస్త కాపాడుతుంది. కానీ "నారి చప్పుడు వినేలోపే తగిలేస్తుంది" అంటారు చూడండి, అది మాత్రం జరగదు. శబ్దం సెకనుకు దాదాపు 1100 అడుగులు పోతుంది. 30 గజాల దూరంలో ఉన్న జంతువుకు చప్పుడు సెకనులో పన్నెండో వంతులోనే చేరుతుంది. 285 అడుగుల వేగమున్న బాణానికి కూడా సెకనులో దాదాపు మూడో వంతు పడుతుంది. పైగా తేలిక బాణం వదిలితే విల్లు ఇంకా గట్టిగా మోగుతుంది.

అపోహ: అయితే బరువు పెంచేస్తే సరి. 650 గ్రెయిన్లు ఉంటే ఏదైనా పడుతుంది.

ఈ 650 డాక్టర్ ఎడ్ యాష్బీ పరీక్షల నుంచి వచ్చిన అంకె. ఆఫ్రికాలో పెద్ద జంతువుల మీద, ఆస్ట్రేలియాలో అడవి గేదెల మీద ఏళ్ల తరబడి బాణాలు పరీక్షించిన మనిషి. బలమైన ఎముకను ఛేదించాల్సి వచ్చినప్పుడు ఆయన గమనించిన హద్దు అది. బాణం లోతుగా దిగడానికి 12 అంశాలు వరసగా రాశారు. మొదటిది బాణం విరగకుండా, వంగకుండా నిలవడం. రెండోది తిన్నగా ఎగరడం. బరువు వీటి తర్వాతే. జనం మాత్రం ఆ అంకె ఒక్కటే పట్టుకున్నారు.

ఎల్క్‌కు నేను 500 నుంచి 550 గ్రెయిన్ల మధ్య కడతాను. అందులో వీలైనంత బరువు ముందువైపు ఉండేలా చూస్తాను. 28 అంగుళాల బాణాన్ని వేలి మీద నిలబెడితే నాక్ (నారికి తగిలించే వెనక ముక్క) గాడి నుంచి 18 అంగుళాల దగ్గర తూగాలి. అంటే సరిగ్గా మధ్య నుంచి 4 అంగుళాలు ముందుకు, 14 శాతం పైన.

అపోహ: ఇన్సర్ట్‌కు (మొన బిగించడానికి షాఫ్ట్ లోపల పెట్టే ముక్క) జిగురు రాసి దూర్చేస్తే పని అయిపోయినట్టే.

ఇక్కడ నా సంగతే చెప్పాలి. వేటలోకి వచ్చిన రెండో ఏడు, 28 గజాల దూరంలో పెద్ద మగ ఎల్క్. బాణం భుజానికి తగిలింది. అరవై అడుగుల అవతల నా బాణం దొరికింది. అల్యూమినియం ఇన్సర్ట్ షాఫ్ట్ లోపలికి వెనక్కి దిగబడిపోయింది. షాఫ్ట్ ముందు రెండంగుళాలు చీపురుపుల్లల్లా చీలిపోయి ఉన్నాయి. రెండు రోజులు ఆస్పెన్ చెట్ల మధ్య నెత్తుటి చుక్కలు వెతుక్కుంటూ తిరిగాను. ఒక వాగు దగ్గర జాడ ఆగిపోయింది. ఆ ఏడాది మళ్లీ విల్లు ఎత్తలేదు. ఆ బాణం కట్టింది నేనే. షాఫ్ట్ కోసిన అంచు చదును చేయకుండా, లోపల తుడవకుండా, ఒక్క చుక్క ఇన్‌స్టంట్ జిగురుతో పావుగంటలో ముగించేశాను.

ఇప్పుడు ఒక్కో బాణం ఎలా కడతానో చెబుతాను. షాఫ్ట్‌ను రాపిడి బిళ్ళ ఉన్న రంపంతోనే కోస్తాను, మాస్కు పెట్టుకుని. కార్బన్ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. కోసిన అంచుకు మార్కర్‌తో నల్లగా రంగు పూసి, అంచు చదును చేసే రాయి మీద తిప్పుతాను. రంగు చుట్టూతా సమానంగా పోయిందంటే అంచు సరిగ్గా ఉన్నట్టు. ఒకవైపు మిగిలితే మళ్లీ తిప్పడమే. ఆ తర్వాత దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి లోపల తుడుస్తాను. పుల్ల తెల్లగా బయటికి వచ్చేదాకా తుడవాల్సిందే. ఒక్కోసారి ఆరేడు పుల్లలు పడతాయి. ఇన్సర్ట్‌ను గరుకు కాగితంతో రుద్ది, ఎపాక్సీ రాసి, తిప్పుతూ లోపలికి పంపుతాను.

ఇక్కడ చాలామంది మరిచిపోయేది వెనక నాక్. అది తీసేయకపోతే లోపల చిక్కుకున్న గాలి ఇన్సర్ట్‌ను మెల్లగా బయటికి నెట్టేస్తుంది. పొద్దున లేచి చూస్తే వెంట్రుకవాసి సందు కనిపిస్తుంది. ఆ సందు ఉన్న బాణం నేరుగా ఎముకను గుద్దితే దెబ్బంతా జిగురు మీదే పడుతుంది. అంచును ఆనుకుని కూర్చున్న ఇన్సర్ట్ అయితే దెబ్బను షాఫ్ట్ గోడకు పంచుతుంది.

షాఫ్ట్ మూతికి బయట చిన్న లోహపు పట్టీ కూడా వేస్తాను, బండి చక్రానికి ఇనుప కమ్మీ వేసినట్టు. ప్రతి బ్యాచ్‌లో ఒక బాణాన్ని బలి ఇచ్చి, మందపాటి ప్లైవుడ్ మీద కొట్టి చూస్తాను. అది నిలబడితేనే మిగతావి అమ్ములపొదిలోకి వెళ్తాయి.

అపోహ: స్పైన్ సంగతి పెట్టె మీద పట్టికే చూసుకుంటుంది.

షాఫ్ట్‌ను 28 అంగుళాల ఎడంలో ఆనించి, మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే ఎంత వంగుతుందో అదే స్పైన్. 340 అంటే 0.340 అంగుళం వంగిందని. అంకె తగ్గేకొద్దీ షాఫ్ట్ బిరుసు. పట్టిక మొదలుపెట్టడానికి పనికొస్తుంది, అంతే. ముందు ఒక 75 గ్రెయిన్ల ఇత్తడి ఇన్సర్ట్ ఎక్కించారంటే అదే షాఫ్ట్ విల్లు వదిలేటప్పుడు మెత్తగా ప్రవర్తిస్తుంది. పొట్టిగా కోస్తే బిరుసెక్కుతుంది. ఈకలు లేని బాణం ఒకటి 20 గజాల నుంచి కొట్టి చూడండి. ఈకలున్నవాటి పక్కనే, తోక ఎటూ వాలకుండా దిగితే స్పైన్ సరిపోయినట్టు.

అపోహ: ఫీల్డ్ పాయింట్ తగిలే చోటే బ్రాడ్‌హెడ్ కూడా తగులుతుంది.

ఫీల్డ్ పాయింట్ అంటే ప్రాక్టీసుకు వాడే నున్నటి మొన, బ్రాడ్‌హెడ్ అంటే వేటకు వాడే బ్లేడ్ల మొన. బ్రాడ్‌హెడ్ పెడితే బాణానికి ముందు రెక్కలు కట్టినట్టే. ఇన్సర్ట్ కాస్త వంకరగా ఉన్నా, విల్లు ట్యూనింగ్ తప్పినా అది బాణాన్ని పక్కకు లాగేస్తుంది. బ్రాడ్‌హెడ్ బిగించి, మొన మీద బొంగరంలా తిప్పండి. బ్లేడు దగ్గర కాస్త వణికినా ఆ బాణం పక్కన పెట్టేయాలి. తర్వాత 40 గజాల నుంచి రెండు రకాలూ కొట్టి, ఒకే చోట పడేదాకా విల్లు సర్దుకోవాలి. కొలరాడోలో బ్రాడ్‌హెడ్ వెడల్పు కనీసం 7/8 అంగుళం ఉండాలి, కనీసం రెండు ఉక్కు అంచులు ఉండాలి. వేరే రాష్ట్రాల నియమాలు వేరు.

తగిలాక విచ్చుకునే మెకానికల్ రకం ఎల్క్‌కు నేను వాడను. విచ్చుకోవడానికే కొంత బలం ఖర్చవుతుంది, కదిలే భాగాలూ ఎక్కువ. ఇది నా అభిప్రాయం, వాటితో ఎల్క్ కొట్టినవాళ్లు చాలామంది ఉన్నారు. పదును విషయంలో మాత్రం రెండో మాట లేదు. బాణం ప్రాణం తీసేది నెత్తురు పారించి. మొద్దు అంచు రక్తనాళాన్ని పక్కకు నెడుతుంది, పదునైన అంచు కోస్తుంది. ప్రాక్టీసులో వాడిన బ్రాడ్‌హెడ్‌కు మళ్లీ పదును పెట్టకుండా వేటకు తీసుకెళ్తే ఆ జంతువుకు అన్యాయం చేసినట్టే.

అపోహ: పోటీల్లో వాడే బాణాలు వేటకూ పనికొస్తాయి.

మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ విలువిద్యలో పతకాలు గెలిచినప్పుడల్లా ఈ ప్రశ్న వస్తుంది. విల్లు రకం ఒకటే, కాంపౌండ్. బాణం పని వేరు. ఇండోర్ పోటీల్లో కొందరు, లక్ష్యం మీద గీత తాకినా ఎక్కువ పాయింట్లు వస్తాయి కాబట్టి, 9.3 మిల్లీమీటర్ల లావు షాఫ్టులు వాడతారు. కండలోకి దిగాల్సిన బాణానికి ఆ లావు అడ్డమే.

అపోహ: ఒకసారి బాగా కట్టిన బాణానికి మళ్లీ ఏమీ చూడక్కర్లేదు.

కార్బన్ వంగి కనిపించదు, లోపల చీలుతుంది. చీలిన షాఫ్ట్ విల్లు వదిలే క్షణంలో పగిలితే పుల్లలు చేతిలోకి దిగుతాయి. అందుకే ప్రతిసారీ కొట్టే ముందు రెండు చివరలూ పట్టుకుని, చెవి దగ్గర పెట్టి, నాలుగు వైపులా మెల్లగా వంచి చూడండి. చిటుకుమన్నా, వేలికి గరుకు తగిలినా విరిచి పారేయండి. బాణాల మీద అంకెలు కూడా వేసుకోండి. పోయినసారి నా నాలుగో నంబరు బాణం మూడు రోజులూ మిగతా బాణాల గుంపుకు నాలుగంగుళాలు ఎడమకే పడింది. నాక్ తిప్పి చూశాను, మార్చి చూశాను, లాభం లేకపోయింది. అది ఇప్పుడు ప్రాక్టీసుకే.

ఈసారి కట్టించుకోవాలనుకునేవాళ్లు ఆగస్టు మొదటి వారంలోనే రండి. ఎపాక్సీ పూర్తిగా గట్టిపడటానికే ఒక రోజు పడుతుంది, ఆ తర్వాత ట్యూనింగుకు కనీసం రెండు వారాంతాలు కావాలి.